వేణువు మీద బతకాలంటే

"వేణువు వాయిస్తూ బతకొచ్చా మాస్టారూ?" అని ఇంజినీరింగ్ చదివే పిల్లలు అడుగుతారు. కాస్త ఆగి వాళ్ల నాన్నలూ అదే అడుగుతారు, ఇంకొంచెం టెన్షన్‌గా. బతకొచ్చు. అయితే కచేరీల మీదే బతుకుతామనుకుంటే కష్టం. బాన్సురీ (హిందుస్తానీ వేణువు) విద్వాంసులు హరిప్రసాద్ చౌరాసియా గారంతటి వారు 1957లో కటక్ ఆకాశవాణిలో ఉద్యోగంలో చేరారు. తర్వాత బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించారు, శివకుమార్ శర్మ గారితో కలిసి సినిమాలకు సంగీతం చేశారు, రాటర్‌డ్యామ్‌లో పాఠాలూ చెప్పారు. నాదీ చిన్న ఎత్తున అదే పద్ధతి. విజయవాడలో ఉంటూ పాఠాలు చెబుతాను, కూచిపూడి ప్రోగ్రాంలకు పక్కవాద్యం వాయిస్తాను, రేడియో ఉంది, అప్పుడప్పుడు స్టూడియో. ఇంటి అద్దె కట్టేది మొదటి రెండే.

నాట్యం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తవాళ్లకు పని దొరికేది అక్కడే. ఆర్కెస్ట్రాలో నట్టువాంగం (తాళాలు మోగిస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు ఉంటాయి. మీ శ్రుతి, అంటే మీ షడ్జం (స) నిలిచే స్థాయి, ఏదో ఎవరూ అడగరు. పాడేవారిది ఏదైతే మీదీ అదే. శ్రుతులను అంకెలతో చెబుతాం: ఆడగొంతు అయితే ఐదో, ఐదున్నరో. మగగొంతు అయితే ఒకటి, ఒకటిన్నర దగ్గర. అందుకని ఒకటి నుంచి ఏడు దాకా అరలతో కలిపి పన్నెండు శ్రుతులకూ వేణువులు ఉండాలి. ఒకేసారి కొనక్కర్లేదు. ముందు ఐదు, ఐదున్నర, ఒకటి, ఒకటిన్నర, రెండు కొనుక్కోండి. ఐదు శ్రుతిలో నడుస్తున్న ప్రోగ్రాంలో మధ్యమ శ్రుతి (మధ్యమాన్నే షడ్జంగా తీసుకునే) పాట వచ్చిందంటే చేతిలోకి ఒకటి శ్రుతి వేణువు రావాలి, అదీ గాయని ఊపిరి తీసుకునేలోపు. వరుసగా పేర్చుకునే సంచి లేకపోతే ఆ నాలుగు సెకన్లలో పరువు పోతుంది.

ఎక్కువ వాయించకండి. సాహిత్యం నడుస్తున్నప్పుడు గాత్రానికి నీడలా ఉండి, అభినయంలో ఖాళీ వచ్చినప్పుడు రాగం అందుకోవాలి. జతులు (నాట్యానికి పలికే లయ పదాలు) నడిచేటప్పుడు నట్టువాంగం వైపు చూడండి, నర్తకి పాదాల వైపు కాదు. తరంగం అనే కూచిపూడి అంశంలో పళ్లెం మీద నడక మొదలయ్యాక కాలప్రమాణం (వేగం) కొంచెం జరిగినా మృదంగంతో వెళ్లిపోవాలి తప్ప లాగి పట్టుకోకూడదు. ఇవి తెలిసిన వేణువు మనిషిని గురువులు వదులుకోరు.

డబ్బు మాట ఫోన్‌లోనే తేల్చుకోండి. రిహార్సల్స్ ఎన్ని, వాటికి వేరే ఇస్తారా, ఊరు దాటితే ప్రయాణం ఎవరిది, రాత్రి బస ఎక్కడ. మాట్లాడాక అదే విషయం వాట్సాప్‌లో రాసి పంపండి. పిల్లలకు రంగప్రవేశం (తొలి పూర్తి నాట్య ప్రదర్శన) చేయించే కుటుంబాలు హాలుకీ, నగలకీ, భోజనాలకీ లెక్కలు ముందే వేసుకుంటాయి, ఆర్కెస్ట్రా లెక్క మాత్రం చివరికి వస్తుంది. ఒక నిర్వాహకుడు నన్ను రెండు నెలలు తిప్పి సగమే ఇచ్చాడు. అప్పటినుంచి సగం అడ్వాన్స్ పడకుండా డైరీలో తేదీ రాయను.

ఇక పాఠాలు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు వేళ్లు అందవు, ముందు పళ్లు ఊడి వస్తుంటాయి కూడా. తొందరపడి చేర్చుకోకండి. చిన్న చేతులకు పొట్టి వేణువు, ఆరు శ్రుతి అయితే హాయి. మొదట్లో ధ్వని రాక గట్టిగా ఊదేస్తారు, కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలకోసారి వేణువు కింద పెట్టించి స్వరాలు పాడించండి. మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టడం సంప్రదాయమే కానీ, అందులో రిషభానికీ (రి) ధైవతానికీ (ధ) రంధ్రం సగమే మూయాలి. పెదవే కుదరని పిల్లవాడికి అది రెండో శిక్ష. కర్ణాటక వేణువు మీద సులువుగా పలికేది హరికాంభోజి రాగం. నేను సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) అందులో మొదలుపెట్టి, ధ్వని నిలిచాక మాయామాళవగౌళకు వస్తాను. దీనికి ఒప్పుకోని పెద్దలున్నారు. వాళ్ల విద్యార్థుల్లో ఎంతమంది మూడో నెలలో మానేస్తున్నారో వాళ్లే చూసుకోవాలి.

బాన్సురీ నేర్చుకుని వచ్చినవాళ్లతో ఇంకో చిక్కు. వాళ్లకు మూడు రంధ్రాలు మూస్తే షడ్జం, మనకు రెండు మూస్తే. వేళ్లు మరచిపోవడానికే కొన్ని వారాలు పడుతుంది, ఫీజు మాట్లాడేటప్పుడే ఆ సంగతి చెప్పేయండి.

ఆన్‌లైన్ పాఠాలకు అమెరికా తెలుగువాళ్లే ఆధారం. తూర్పు తీరంలో సాయంత్రం ఏడంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. మార్చిలో, నవంబరులో వాళ్ల గడియారాలు మారతాయి, వారం ముందే మెసేజ్ పెట్టండి. అపార్ట్‌మెంట్లో ఉంటే కింది ఇంటివాళ్లతో స్నేహంగా ఉండండి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే సెట్టింగ్ ఆన్ చేయించకపోతే పాఠమే సాగదు. నిలకడగా పట్టిన షడ్జాన్ని అది ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. పిల్లవాడు బాగానే పట్టాడు, మీకు వినపడలేదంతే, మీరేమో మళ్లీ మళ్లీ వాయించమంటారు. ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. తాళం యాప్ విద్యార్థి వైపే పెట్టించి, మీరు వినండి. ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. తల్లిదండ్రులు ఎగ్గొడతారని కాదు, మరచిపోతారు, మనకేమో అడగడానికి మొహమాటం.

రేడియో డబ్బు పెద్దదేమీ కాదు. అయినా ఆకాశవాణి ఆడిషన్ ఇవ్వండి. బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు. బయట సభలవాళ్లు, కాలేజీలవాళ్లు ముందు ఆ గ్రేడే అడుగుతారు. ఆడిషన్‌కు రాగాల జాబితా ఇచ్చేటప్పుడు గొప్పకోసం అపురూప రాగాలు రాయకండి. రాసిందేదైనా అడగొచ్చు. ఉద్యోగం కావాలంటే మాత్రం కాగితం ఉండాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల డిప్లొమా, లేదా విశ్వవిద్యాలయ డిగ్రీ. విజయవాడలో ఘంటసాల కళాశాల, హైదరాబాద్ రామ్‌కోటిలో త్యాగరాయ కళాశాల, విజయనగరంలో 1919 నాటి మహారాజా కళాశాల, తిరుపతిలో దేవస్థానం వారి కళాశాల ఉన్నాయి. వేదిక మీద ఆ కాగితం ఎవరూ చూడరు, ఇంటర్వ్యూలో ఇంకేమీ చూడరు.

స్టూడియో పని ఇప్పుడు చాలావరకు ఇంటికే వస్తోంది. ట్రాక్ పంపిస్తారు, క్లిక్ (చెవిలో వినిపించే తాళం టిక్కు) మీద వాయించి ఫైల్ పంపాలి. ట్యూనర్‌తో సరిచూసుకున్న వేణువులు వేరుగా ఉంచుకోండి. గది చల్లబడితే శ్రుతి దిగుతుంది, ఊదగా ఊదగా వేడెక్కి పైకి పోతుంది. ఏసీ ఆపి, కాసేపు ఊది, అప్పుడు రికార్డ్ నొక్కండి. మార్పులు ఎన్నిసార్లు చేసిస్తారో ముందే చెప్పండి, లేకపోతే పల్లవికి ముందొచ్చే రెండు బార్లకు వారం పోతుంది.

వెదురు ఎండకీ ఏసీకీ చీలుతుంది. కారులో వదలకండి, చివర్లకు నైలాన్ దారం చుట్టించండి, ముఖ్యమైన శ్రుతులకు రెండేసి ఉంచుకోండి. ఇచ్చే పారితోషికంలో టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసుకునే సంస్థలుంటాయి. మీరు కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే, అది ఏడాది ముగిశాక రిటర్న్ వేస్తే వెనక్కి వచ్చే డబ్బు, చాలామంది కళాకారులు వేయరు. పాన్ నంబరు తప్పు పడిందేమో మాత్రం మార్చిలోపే చూసుకోండి.