అమెరికా పబ్లిక్ స్కూల్లో ఉదయపు ప్రతిజ్ఞ: ఇంట్లో ఎలా నిర్ణయించుకోవాలి, బడితో ఎలా మాట్లాడాలి

అమెరికాలోని చాలా రాష్ట్రాల పబ్లిక్ స్కూళ్లలో, అంటే ప్రభుత్వ బడుల్లో, పొద్దున గంట కొట్టగానే మైకులో ప్రకటన వినిపిస్తుంది. పిల్లలు లేచి నిలబడి, తరగతి గదిలో గోడకు కట్టిన చిన్న జెండా వైపు తిరిగి, కుడిచేయి గుండె మీద ఉంచుకొని, 31 ఇంగ్లీషు పదాల ప్రతిజ్ఞను టీచరుతో కలిసి చెబుతారు. పావు నిమిషంలో అది అయిపోతుంది. ఆ 31 పదాల్లో ‘అండర్ గాడ్’ అన్న రెండు పదాలు ఈ దేశం దేవుడి ఏలుబడిలో ఉందని పిల్లల నోట పలికిస్తాయి. టెక్సస్‌లో దేశ జెండా తరువాత రాష్ట్ర జెండాకు మరొక ప్రతిజ్ఞ ఉంటుంది. 2007 నుంచి అందులోనూ అవే పదాలు చేరాయి. ఆపైన ఒక నిమిషం మౌనం పాటిస్తారు. ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడి ఉన్న ప్రతిరోజూ చేస్తున్నది ఇదే.

ప్రభుత్వ బడి పిల్లల చేత దేవుడి పేరున్న దేశభక్తి ప్రతిజ్ఞ చేయించవచ్చా అని అడిగితే, చేయించకూడదన్నదే నా సమాధానం. అయితే ఆ పద్ధతి ఇప్పట్లో మారేలా లేదు కనుక, అది ఉన్నంతకాలం ఇంట్లో ఏం మాట్లాడుకోవాలో, బడికి ఏం రాయాలో, ఎవరిని ఏది అడగవచ్చో వివరించడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఆ మాటల పుట్టుక తెలుసుకోండి

ఈ ప్రతిజ్ఞ మొదటి నుంచీ ఇలాగే ఉందని చాలామంది అమెరికన్లే అనుకుంటారు. 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ ఒక పిల్లల పత్రిక కోసం దీన్ని రాసినప్పుడు ఇందులో దేవుడి ప్రస్తావన లేదు. బెల్లమీ బాప్టిస్టు మతాచార్యుడు. అంతటి విశ్వాసి కూడా దేశానికి చేసే ప్రమాణంలో తన విశ్వాసాన్ని కలపలేదన్న సంగతిని, బడి వారితో మాట్లాడే ముందు గుర్తుంచుకోవడం మంచిది. 1923, 1924 సంవత్సరాల్లో జెండా ఏ దేశానిదో స్పష్టం చేసే పదాలు చేర్చారు. 1942లో కాంగ్రెస్ ఈ ప్రతిజ్ఞను చట్టంలోకి తీసుకుంది. దేవుడి మాట 1954 జూన్ 14న వచ్చింది. సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో, నాస్తిక కమ్యూనిజానికి తాము భిన్నమని చాటుకోవాలని నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ సంఘం వంటివి ఉద్యమించగా, కాంగ్రెస్ ఆమోదించింది, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేశారు. ఇకపై దేశంలోని ప్రతి పట్టణంలో, ప్రతి పల్లెబడిలో లక్షలాది విద్యార్థులు ఈ జాతి సర్వశక్తిమంతుడికి అంకితమని రోజూ చాటుతారని ఆయన ఆ సందర్భంగా ప్రకటించారు. ఆ మాటలు కేవలం లాంఛనమేనని, వాటిలో మతం లేదని ఎవరైనా అన్నప్పుడు నేను చూపించేది ఈ ప్రకటననే.

మన దగ్గర ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉంది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ఖజానా శాఖ అధికారిగా ఉండగా, 1962లో, ‘భారతదేశం నా మాతృభూమి’ అంటూ మొదలయ్యే ప్రతిజ్ఞను తెలుగులో రాశారు. తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు, దేశం, ప్రజలు అందులో ఉన్నారు. దేవుడు లేడు. దేవుడు లేనందువల్ల ఆ ప్రతిజ్ఞ చెప్పిన తరాల పిల్లల్లో దేశభక్తి ఏమీ తగ్గలేదు. కాబట్టి నేను వద్దంటున్నది ప్రతిజ్ఞను కాదని, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇది కూడా మన దేశమే అన్న భావన కలిగించడంలో అటువంటి ఉమ్మడి ఆచారానికి విలువ ఉందని నమ్ముతూనే ఈ మాట అంటున్నానని గమనించాలి.

చట్టం మీకు ఇచ్చిన హక్కు ఎంత

1935లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ అనే చిన్న ఊళ్లో, పన్నెండేళ్ల అక్కను, పదేళ్ల తమ్ముణ్ణి జెండాకు వందనం చేయనందుకు బడి నుంచి పంపివేశారు. వారిది యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. జెండాకు మొక్కడం వారి దృష్టిలో విగ్రహారాధన. 1940లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఆధిక్యంతో, ఒక్కరి అసమ్మతితో, బడి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తరువాత దేశంలో పలుచోట్ల యెహోవా సాక్షుల మీద దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నబంక్‌లో వారి ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. మూడేళ్లకే కోర్టు తన తప్పు దిద్దుకుంది. 1943 జూన్ 14న, యుద్ధం జరుగుతున్న రోజుల్లోనే, వెస్ట్ వర్జీనియా విద్యామండలికీ బార్నెట్ కుటుంబానికీ మధ్య నడిచిన కేసులో, రాజకీయాల్లోగానీ జాతీయతలోగానీ మతంలోగానీ ఏది సరైన అభిప్రాయమో నిర్ణయించి, దాన్ని పౌరుల చేత మాటతోనో చేతతోనో ఒప్పించే అధికారం ఏ ప్రభుత్వోద్యోగికీ లేదని న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ రాశారు.

ఆ తీర్పు నేటికీ అమల్లో ఉంది. మీ బిడ్డ ప్రతిజ్ఞ చెప్పకపోయినంత మాత్రాన పబ్లిక్ స్కూలు శిక్షించకూడదు. కారణం మతమే కానక్కరలేదు, ఏ అభ్యంతరమైనా చాలు. పౌరసత్వాన్ని కూడా తీర్పు షరతుగా పెట్టలేదు. హెచ్4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబ సభ్యులకు ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు తమది కాని దేశపు జెండాకు విధేయత ప్రకటించడం విషయంలో సహజంగానే వేరే సందేహం ఉంటుంది, వారూ మౌనంగా ఉండవచ్చు. ప్రైవేటు బడులకు మాత్రం ఈ తీర్పు వర్తించదు.

దేవుడి మాట ఉన్న ప్రతిజ్ఞను బడి చేయించడమే రాజ్యాంగ విరుద్ధమా అన్న రెండో ప్రశ్నలో కోర్టులు ఇంత దూరం రాలేదు. 2002లో కాలిఫోర్నియా కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (సుప్రీంకోర్టుకు కింది మెట్టులోని ఫెడరల్ కోర్టు) విరుద్ధమేనని చెప్పింది. 2004లో సుప్రీంకోర్టు అసలు విషయంలోకి వెళ్లకుండా, కేసు వేసిన తండ్రికి కూతురి తరఫున దావా వేసే అర్హత లేదంటూ ఆ తీర్పును కొట్టివేసింది. 2010లో అదే తొమ్మిదో సర్క్యూట్ మరో కేసులో ఈ ప్రతిజ్ఞ చెల్లుతుందని తేల్చింది. 2014లో మాసచూసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా అలాగే చెప్పింది. అందువల్ల మీ బిడ్డను బలవంతపెట్టవద్దని అడగడానికి చట్టం అండ గట్టిగా ఉంది, తరగతిలో ప్రతిజ్ఞనే ఆపమని అడగడానికి లేదు. ఈ తేడా తెలియక మొదటి ఉత్తరంలోనే రెండూ అడిగి, దక్కవలసినదాన్ని కూడా ఆలస్యం చేసుకునేవారు ఉన్నారు.

రాష్ట్రాన్ని బట్టి పద్ధతి మారుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం తల్లి, తండ్రి లేదా సంరక్షకులు రాతపూర్వకంగా అడిగితే బడి ఆ విద్యార్థిని ప్రతిజ్ఞ నుంచి మినహాయించాలి. ఫ్లోరిడాలోనూ తల్లిదండ్రుల ఉత్తరం కావాలి. ఉత్తరం ఇచ్చాక లేచి నిలబడనక్కర కూడా లేదు. వర్జీనియాలో విద్యార్థి తానే అభ్యంతరం చెప్పవచ్చు, నిశ్శబ్దంగా నిలబడవచ్చు లేదా కూర్చోవచ్చు. న్యూజెర్సీ చట్టంలో నిలబడి తీరాలన్న నిబంధనను ఫెడరల్ కోర్టు 1978లోనే కొట్టివేసింది, అయినా అక్కడ ఎవరైనా టీచరు నిలబడమని పట్టుబడితే ఆ తీర్పును మర్యాదగా గుర్తుచేయండి. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (స్థానికంగా బడులను నడిపే విభాగం) విద్యార్థి హ్యాండ్‌బుక్‌లో ప్రతిజ్ఞ గురించిన పేరాను ముందే చదివి ఉంచుకోవాలి.

ఇంట్లో మాట్లాడుకునే పద్ధతి

తెలుగు కుటుంబాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: మనమూ దేవుణ్ణి నమ్మేవాళ్లమే కదా, ఆ గాడ్ అన్నది మన వెంకన్న అనుకుంటే సరిపోతుంది కదా అని. ఇంట్లో అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, ఎందరో అలాగే సమాధానపడి పిల్లల చేత నిశ్చింతగా చెప్పిస్తున్నారు. కానీ మన దేవుడు ఆ మాటలో ఇముడుతాడా లేదా అన్నది ఇక్కడ తేలవలసిన విషయం కాదు. దేశం పట్ల విధేయతకు దేవుడి మీద నమ్మకాన్ని ముడిపెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందా అన్నది తేలాలి. తరగతిలో పక్క బల్ల దగ్గర కూర్చునే బౌద్ధుల బిడ్డకు, నాస్తికుల బిడ్డకు, జెండా ముందు ప్రమాణమే కూడదనే క్రైస్తవ బిడ్డకు ఆ మాట ఇమడదు. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రాన్ని ఎరిగిన మనకు, మంచి పౌరుడు కావడానికి ఆస్తికత అక్కరలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇష్టం లేకపోతే చెప్పకుండా ఉండవచ్చు కదా అన్నది మరో వాదన. ఆరేళ్ల పిల్లకు ఆ వెసులుబాటు కాగితం మీద ఉంటుంది. పాతికమంది లేచి నిలబడి, టీచరు ముందుండి చెప్పిస్తుంటే, ఒక్కతే పెదవులు కదపకుండా ఉండడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. దేవుడి మాట ఉన్న ప్రతిజ్ఞను బడి నడిపించకూడదని నేను అనడానికి ప్రధాన కారణం ఇదే.

పిల్లలతో మాట్లాడేటప్పుడు మీ అభిప్రాయంతో మొదలుపెట్టకండి. పొద్దున బడిలో ఏం చెబుతారు, దాని అర్థం ఏమనుకుంటున్నావు అని అడిగి వినండి. చిన్నపిల్లల్లో చాలామంది దాన్ని పాటలాగా కంఠస్థం చేసి ఉంటారు, ఒక్కో పదానికి అర్థం చెప్పడంతోనే మంచి సంభాషణ జరుగుతుంది. తరువాత వారి ముందున్న దారులు చెప్పండి: మొత్తం చెప్పవచ్చు, మిగతాదంతా చెప్పి ఆ రెండు పదాల దగ్గర ఆగవచ్చు, గౌరవంగా నిలబడి మౌనంగా ఉండవచ్చు, కూర్చోవచ్చు. ప్రాథమిక తరగతుల పిల్లలకు రెండో దారి సుఖమని నా అభిప్రాయం, ఎందుకంటే తోటివారి దృష్టి పడదు, ప్రతిజ్ఞలోని స్వేచ్ఛ, న్యాయం అన్న మాటలు వారికి మిగులుతాయి. హైస్కూలు పిల్లలు కూర్చుంటామంటే ఎందుకో మీకు వివరించగలిగితే చాలు. మొత్తం చెబుతాననే బిడ్డను ఆపకండి. మన పట్టింపు కోసం పిల్లలను ముందుకు తోయడం, బడి చేస్తున్న బలవంతం కన్నా మెరుగైనది కాదు.

బడికి రాయవలసిన ఉత్తరం

ఉత్తరం క్లాసు టీచరుకు, ప్రిన్సిపాల్‌కు కలిపి ఈమెయిల్‌గా పంపండి, చిన్నదిగా ఉండాలి. సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది: “మా అమ్మాయి ఫలానా తరగతి చదువుతోంది. ప్రతిరోజూ జరిగే ప్రతిజ్ఞ నుంచి తనను మినహాయించవలసిందిగా రాష్ట్ర చట్టం ప్రకారం కోరుతున్నాము. ఆ సమయంలో తను నిశ్శబ్దంగా, ఇతరులకు ఇబ్బంది కలగకుండా ఉంటుంది. ఈ విషయం తరగతిలో అందరి ముందు ప్రస్తావించవద్దని, తనను గది బయటకు పంపవద్దని మనవి. అందినట్లు తెలియజేయగలరు.” టెక్సస్‌లో రెండు ప్రతిజ్ఞల పేర్లూ రాయండి. కారణం రాయాలని చట్టం అడగని చోట రాయకండి. కారణం రాస్తే దాని మీద చర్చ మొదలవుతుంది. ఏటా టీచరు మారతారు కనుక బడి తెరిచిన మొదటి వారంలో మళ్లీ పంపడం మేలు.

అయినా ఎవరైనా గద్దిస్తే, ఆ రోజే తేదీ, ఎవరు ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నది బిడ్డ మాటల్లోనే రాసి పెట్టుకోండి. మొదట ప్రిన్సిపాల్‌ను కలవండి. చాలా సందర్భాల్లో టీచరుకు నియమం తెలియకపోవడమే కారణం, అక్కడితోనే సర్దుకుంటుంది. అక్కడ కాకపోతే డిస్ట్రిక్ట్ కార్యాలయానికి రాయండి, తరువాత స్కూల్ బోర్డుకు. అప్పటికీ తేలకపోతే పౌరహక్కుల సంస్థ అయిన అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ రాష్ట్ర శాఖనో, న్యాయవాదినో సంప్రదించండి. ఈలోగా టీచరు పేరుతో వాట్సాప్ గ్రూపుల్లో సందేశాలు పెట్టవద్దు. ఆ టీచరు దగ్గరే మీ బిడ్డ మిగతా ఏడాదంతా చదువుకోవాలి.

మన దేశంలోని కేసు ఒకటి ఇక్కడ పనికివస్తుంది. 1985లో కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, పాడకుండా ఉన్నందుకు బడి వారిని తీసివేసింది. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి గారు అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తి. అమెరికాలోని బార్నెట్ తీర్పును కూడా ఆయన పరిశీలించారు. మన సంప్రదాయం సహనాన్ని నేర్పుతుంది, మన తత్వం సహనాన్ని బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలుచన చేయవద్దని ఆయన రాశారు. చెప్పకపోవడం అగౌరవం కాదని తాతయ్యలకు, అమ్మమ్మలకు నచ్చజెప్పవలసి వచ్చినప్పుడు ఈ తీర్పు కన్నా మంచి ఆధారం నాకు తెలియదు.

పెద్దవాళ్ల వంతు

పౌరసత్వం తీసుకునే తల్లిదండ్రులు చేసే ప్రమాణం చివర కూడా దేవుడి సాక్షిగా అన్న మాట ఉంటుంది. మతపరమైన లేదా మనస్సాక్షికి సంబంధించిన కారణంతో అది వద్దని అడిగితే, ఆ మాట లేకుండానే ప్రమాణం చేయనిస్తారు, పౌరసత్వానికి ఏ లోటూ ఉండదు. పెద్దలకు ఇచ్చిన ఆ మన్నన బడిపిల్లలకు ప్రతిజ్ఞలోనే ఎందుకు ఇవ్వకూడదన్నది మీ కాంగ్రెస్ సభ్యుడికి రాయదగిన ప్రశ్న, ఎందుకంటే దేశ ప్రతిజ్ఞలో పదాలు మార్చగలిగేది కాంగ్రెస్ ఒక్కటే. టెక్సస్ రాష్ట్ర ప్రతిజ్ఞ సంగతి ఆస్టిన్‌లోని శాసనసభకు చెందుతుంది. స్కూల్ బోర్డు ఈ రెండూ చేయలేదు, కనుక బోర్డు సమావేశంలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, అక్కడ సాధ్యమైనదే అడగండి: ఉదయం మైకులో ప్రతిజ్ఞకు ముందు ‘ఇష్టమున్నవారు’ అన్న మాట చేర్చాలి, మినహాయింపు నియమాన్ని ఏడాది మొదట్లో టీచర్లందరికీ రాతపూర్వకంగా పంపాలి, హ్యాండ్‌బుక్‌లో ఆ పేరా తల్లిదండ్రులకు కనిపించేచోట ఉండాలి.