చెరువు అడుగున పట్టిన నాచు హైడ్రిల్లానా, కాదా? సమస్య - పరిష్కారం

చేపల చెరువులో నాచు పట్టిందని చెప్పే రైతుల్లో పదికి తొమ్మిది మంది మొదట అడిగేది "ఏ మందు కొట్టాలి?" అనే. మొక్కను పైకి లాగి చూశారా అంటే సమాధానం ఉండదు. గట్టు మీద నిలబడి చూస్తే హైడ్రిల్లా, కారా, సెరటోఫిల్లమ్, నాజాస్ అనే నీటి నాచులన్నీ ఒకే పచ్చటి మేటలా కనిపిస్తాయి. వీటిని వదిలించే దారులు మాత్రం వేరు. అందుకే మందుల షాపుకు వెళ్లేముందు ఐదు నిమిషాలు చెరువులోకి దిగండి.

దిగినవాళ్లు కూడా గట్టు పక్కన తేలుతున్న ముక్కను ఏరుకొచ్చి చూపిస్తారు. అది పనికిరాదు. తేలే ముక్క ఎక్కడి నుంచైనా కొట్టుకొచ్చి ఉండొచ్చు, దానికి వేరు భాగమూ ఉండదు. నీళ్లు వచ్చే తూము దగ్గర ఒకటి, చెరువు మధ్యలో ఒకటి, తూముకు ఎదుటి మూలలో ఒకటి, మొత్తం మూడు మొక్కలను అడుగు బురదతో సహా లాగండి. మంచినీళ్లలో జాడించి, తెల్ల పళ్లెంలో కాసిన్ని నీళ్లు పోసి అందులో పరచండి. కింద చెప్పేవన్నీ ఈ పళ్లెం ముందు కూర్చుని చూడాల్సినవే.

లక్షణం: ఆకులు కణుపు చుట్టూ ఉన్నాయి కానీ లెక్క కుదరడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చివర కొస దగ్గరో, మొదలు దగ్గరో లెక్కపెడుతున్నారు. కొసలో కణుపులు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఉంటాయి కాబట్టి అక్కడ ఏ మొక్కైనా ఒకేలా ఉంటుంది. మొదలు దగ్గర హైడ్రిల్లాకు కూడా మూడు ఆకులే ఉండొచ్చు. కాండం మధ్యలో నాలుగైదు కణుపులు వరసగా లెక్కపెట్టండి. హైడ్రిల్లాకు ఒక్కో చుట్టులో మూడు నుంచి ఎనిమిది ఆకులు, ఎక్కువగా నాలుగో ఐదో ఉంటాయి. ఆకు సన్నగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. అంచున రంపపు పళ్లు మామూలు కంటికే కనిపిస్తాయి. ఆకును తిరగేస్తే మధ్య ఈనె మీద చిన్న ముళ్లు చేతికి తగులుతాయి.

ఆకు ఇంగ్లీషు వై (Y) ఆకారంలో చీలి ఉంటే, వేర్లు అసలు లేకపోతే, అది సెరటోఫిల్లమ్. దీని గురించి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. ఒక్కసారి చీలిన ఆకు చూశాక ఇంకెప్పుడూ పొరపడరు.

అమెరికాలో ఇంటి వెనక చెరువులో ఇలాంటిది చూసిన మనవాళ్లకు ఒక మాట. అక్కడ హైడ్రిల్లాను పోలిన ఎలోడియా, ఎజీరియా కూడా ఉంటాయి. ఎలోడియాకు చుట్టుకు మూడు ఆకులు, అంచు కంటికి నున్నగా కనిపిస్తుంది. ఎజీరియాకు నాలుగైదు ఆకులుంటాయి కానీ దాని పళ్లు కనిపించాలంటే భూతద్దం కావాలి. హైడ్రిల్లాను 1950ల్లో అక్వేరియం వ్యాపారం ఫ్లోరిడాకు చేర్చింది. ఇప్పుడు అది అక్కడి ఫెడరల్ నిషిద్ధ కలుపు జాబితాలో ఉంది. అనుమానంగా ఉంటే మొక్కను ఇంకో నీటికి తీసుకెళ్లకండి.

లక్షణం: చేతికి గరుగ్గా తగులుతోంది, పైన బూడిద రంగు పొర ఉంది

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, అందుకే దీన్ని నిదానంగా చెబుతాను. "గరుగ్గా ఉంటే హైడ్రిల్లా" అని ఒకరు నేర్పుతారు. "గరుగ్గా, ఇసుక పట్టినట్టు ఉంటే కారా" అని ఇంకొకరు నేర్పుతారు. రెండూ నిజమే. అందుకే తాకి చూసి తేల్చే పద్ధతి చెరువుల్లో బోల్తా కొడుతుంది.

జరిగేది ఇది. నాచు దట్టంగా పట్టిన చెరువులో ఎండ ఎక్కేకొద్దీ మొక్కలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తాయి. అది అయిపోయాక బైకార్బొనేట్‌ను వాడుకోవడం మొదలుపెడతాయి. దాంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటిపోతుంది. నీటిలో సున్నం శాతం ఎక్కువగా ఉంటే, అంటే బోరు నీళ్లు పెట్టిన చెరువైనా, సున్నం గట్టిగా చల్లిన చెరువైనా, ఆ సున్నం క్యాల్షియం కార్బొనేట్‌గా మారి ఆకుల మీదే పేరుకుంటుంది. రోజూ కొంచెం కొంచెంగా పొర కడుతుంది. కొన్నాళ్లకు హైడ్రిల్లా ఆకు మందంగా, పెళుసుగా, బూడిద పచ్చగా తయారవుతుంది. పళ్లు పొర కింద కప్పుకుపోతాయి. పట్టుకుంటే అచ్చం కారాలాగే పటపటా విరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త నీళ్లు వచ్చే తూము దగ్గర అదే హైడ్రిల్లా తరచూ శుభ్రంగా, లేత పచ్చగా, కణుపుల మధ్య ఎడం ఎక్కువగా ఉంటుంది. నీరు కదలని ఎదుటి మూలలో సున్నం కట్టి, పొట్టిగా, గుబురుగా ఉంటుంది. రైతు రెండూ చూసి "మా చెరువులో రెండు రకాల నాచు పట్టింది" అంటాడు. రెండింటికీ రెండు వైద్యాలు మొదలవుతాయి. మూడు చోట్ల నుంచి మొక్కలు తీయమన్నది ఇందుకే.

పరిష్కారం తేలిక. గ్లాసులో వెనిగర్ పోసి, అది లేకపోతే నిమ్మకాయ పిండి, అందులో గరుగ్గా ఉన్న కొమ్మ ముక్క వేయండి. సన్నటి బుడగలు వస్తాయి. బుడగలు రాగానే "కారానే" అని లేచిపోకండి. బుడగలు చెప్పేది సున్నం ఉందన్న సంగతి ఒక్కటే, ఆ సున్నం ఎవరి మీదైనా ఉండొచ్చు. బుడగలు ఆగేదాకా ఉంచి, ముక్కను నీళ్లలో జాడించి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని, ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి. పొర పోయాక పల్చటి, బల్లపరుపు ఆకు, దానికి మధ్య ఈనె, అంచున పళ్లు బయటపడితే హైడ్రిల్లా. ఆకే లేకుండా, గుండ్రటి సన్నటి గొట్టాల్లాంటి కొమ్మలే ఉంటే కారా. కారా నిజానికి మొక్క కాదు, శైవలం (ఆల్గే). దానికి ఈనె ఉండదు, నిజమైన వేరూ ఉండదు. తాజా కారాను వేళ్ల మధ్య నలిపితే వెల్లుల్లిని పోలిన ఘాటు వాసన కొడుతుంది. సున్నం కట్టిన హైడ్రిల్లా ఎంత నలిపినా ఆ వాసన రాదు.

ఇంత కష్టం ఎందుకంటే, కారా అనుకుని హైడ్రిల్లాను వదిలేసినవాళ్లు అడుగు మట్టిలో ఉండి మళ్లీ మొలిచే దాని గడ్డలను వదిలేసినట్టే.

లక్షణం: పీకించాం, చెరువు ఎండగట్టాం, అయినా మళ్లీ వచ్చింది

వస్తే అది హైడ్రిల్లా కావొచ్చని అనుమానించాలి. పార తీసుకుని మొక్క మొదట్లో జానెడు లోతు మట్టి తవ్వి, జల్లెడలో కడగండి. శనగ గింజంత, తెలుపో పసుపో బూడిదో రంగులో, ఒక కొస సూదిగా, గిల్లితే పటుక్కున విరిగే గడ్డలు దొరుకుతాయి. ఎండిన చెరువులో గట్టు అంచున తుంగ గడ్డలు కూడా ఉంటాయి, వాటిని చూసి కంగారుపడకండి. తుంగ గడ్డ నలుపు గోధుమ రంగులో, పీచు పట్టి, విరిస్తే సువాసన వస్తుంది. హైడ్రిల్లా గడ్డకు పీచూ ఉండదు, ఆ వాసనా ఉండదు. ఆకులు కాండంతో కలిసే చోట కూడా ఇలాంటివే చిన్న పచ్చటి మొగ్గలు వచ్చి రాలిపోతాయి.

పొద్దు తగ్గే రోజుల్లో ఈ గడ్డలు ఎక్కువగా కడతాయి కాబట్టి చలికాలం దాటాక తవ్వితే దొరికే అవకాశం ఎక్కువ. బురదలో ఇవి ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఒక్కసారి ఎండగడితే పైన మొక్క చస్తుంది కానీ తేమ ఉన్న మట్టిలో గడ్డ చావదు. ఎండగట్టాక కొద్దిగా నీరు పెట్టి, గడ్డలు మొలకెత్తనిచ్చి, ఆ మొలకలు కొత్త గడ్డలు కట్టకముందే మళ్లీ ఎండగట్టాలి. ఒక్క విడతలో అంతా అయిపోతుందని ఆశపడొద్దు. పీకించేటప్పుడు ముక్కలు నీళ్లలో వదిలేయకుండా వలతో లాగి గట్టుకు దూరంగా వేయించండి. కణుపున్న చిన్న ముక్క చాలు, కొత్త మొక్క అవుతుంది. తూముకు సన్న కన్ను జాలీ కట్టకపోతే పక్క చెరువు ముక్కలు మీ చెరువులోకే వస్తాయి. ఒకరి చెరువులో వాడిన వలను కడిగి ఆరబెట్టకుండా ఇంకొకరి చెరువులో దించనివ్వకండి.

లక్షణం: గడ్డిచేప వేశాం, నాచు తగ్గడం లేదు

హైడ్రిల్లా అంటే గడ్డిచేపకు ఇష్టం. తినడం లేదంటే ముందు చేప సైజు చూడండి, తర్వాత తవుడు చూడండి. తవుడు, చెక్క పుష్కలంగా దొరుకుతుంటే అది నాచు జోలికి ఎందుకు వెళుతుంది? కొరమేనులున్న చెరువులో చిన్న చేపపిల్లలను వేస్తే అవి మిగలనే మిగలవు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే మళ్లీ పళ్లెం ముందు కూర్చోండి. బిరుసుగా ఉండే సెరటోఫిల్లమ్‌ను అది హైడ్రిల్లా అంత ఇష్టంగా తినదు.

మిగతావి

ఆకులు నాడాలా పొడుగ్గా మొదలు నుంచే వస్తే వాలిస్నేరియా. ఒకటి విడిచి ఒకటిగా, ముడతల అంచుతో ఉంటే పొటమోజిటాన్. చిన్న చిన్న తిత్తులుంటే యూట్రిక్యులేరియా. నాజాస్ ఒక్కటే కాస్త తికమక పెడుతుంది. దాని ఆకు మొదలు వెడల్పై కాండాన్ని చుట్టి ఉంటుంది, గడ్డలు ఉండవు.

మందు సంగతికొస్తే, గుర్రపుడెక్క మీద కొట్టే 2,4-డి హైడ్రిల్లాను ఏమీ చేయదు. ఏ పద్ధతిలోనైనా చెరువంతా ఒకేసారి చంపేస్తే కుళ్లే నాచు ఆక్సిజన్ లాగేసి తెల్లవారేసరికి చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి. మూడో వంతు తీసి, నీరు కుదుటపడ్డాక తర్వాతి భాగం మొదలుపెట్టండి. ఆ రోజుల్లో రాత్రిళ్లు ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆపొద్దు.