చచ్చిపోవాలనిపిస్తోందని డాక్టర్‌కి ఎలా చెప్పాలి

ముందు ఒకటి. ఈ రాత్రే ఏదైనా చేసేసుకుంటానేమో అని భయంగా ఉంటే ఇది చదవడం ఆపేసి పక్కన ఎవరుంటే వాళ్ళని లేపండి, ఎవరూ లేకపోతే ఎమర్జెన్సీ నంబర్‌కో సూసైడ్ హెల్ప్‌లైన్‌కో కాల్ చేయండి, ఒంటరిగా మాత్రం ఉండొద్దు. మిగతాది రేపు చదువుకోవచ్చు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "నిద్ర పట్టట్లేదండి" అని మాత్రం చెప్పి వచ్చేశా, అసలు మాట గొంతులోనే ఉండిపోయింది. రెండోసారి చీటీ రాసుకెళ్ళా, "3 వారాలుగా చచ్చిపోతే బాగుండు అనిపిస్తోంది, అర్ధరాత్రి దాటాక ఎక్కువ" అని, నోరు పెగలక ఆ మడిచిన చీటీనే టేబుల్ మీద పెట్టేశా. ఆయన చదివి కుర్చీ ముందుకి లాక్కున్నారు. అంతే, మిగతావన్నీ ఆయనే అడిగారు.

కాబట్టి చీటీ రాయండి. ఎప్పట్నుంచి, రోజూనా అప్పుడప్పుడా, ఊరికే "పొద్దున లేవకపోతే బాగుండు" అనిపించడమా లేక ప్లాన్ దాకా వెళ్ళిందా. ప్లాన్ దాకా వెళ్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు చూపించుకోవాలి. ఇంతకుముందు ప్రయత్నించి ఉంటే దాచొద్దు.

దాని కింద ఒంటి సంగతులు. చాలామంది ఇది వదిలేస్తారు, మనసు బాలేకపోతే ఒంటికేం సంబంధం అని. థైరాయిడ్ తక్కువైతే అచ్చం డిప్రెషన్‌లాగే ఉండొచ్చు, బ్లడ్ టెస్ట్‌తో తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి నొప్పులు, ఫిట్స్, పక్షవాతం, క్యాన్సర్ అని తెలిసిన మొదటి నెలలు, వీటిల్లో ఈ ఆలోచనలు ఎక్కువే. స్టెరాయిడ్లు, కొన్ని ఫిట్స్ మాత్రలు కూడా మూడ్‌ని తలకిందులు చేయగలవు, అందుకే ఏ మాత్ర ఏ తారీఖున మొదలైంది, ఆలోచనలు ఎప్పుడు మొదలయ్యాయి పక్కపక్కనే రాయండి. మీ అంతట మీరు ఆపేయొద్దు, స్టెరాయిడ్ సడన్‌గా ఆపితే అదింకో ప్రమాదం. తాగుడు ఉంటే అదీ రాయండి, సగానికి తగ్గించకుండా (అందరం అదే చేస్తాం).

డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న వయసు వాళ్ళలో కొందరికి మొదట్లో ఆలోచనలు పెరగొచ్చు, అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో పెట్టిన ఆ వార్నింగ్‌ని 2007లో 24 ఏళ్ళ దాకా పెంచింది. అలా పెరిగితే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

తోడు వచ్చేవాళ్ళకి: "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో ప్రమాదం అనిపించేవన్నీ, మందుల డబ్బాతో సహా, కొన్నాళ్ళు మీ దగ్గర పెట్టుకోండి. నా డబ్బా మా అక్క దగ్గరుండేది, ఏ పూటది ఆ పూట చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు ఇచ్చి, నేను మింగేదాకా ఏవో ఆఫీసు కబుర్లు చెప్తూ నిలబడేది.