డైవ్ బోటు ప్రమాదం నుంచి ఒడ్డుకు చేరాక, సంతకం పెట్టే ముందు

జెట్టీ మీద కాలు పెట్టగానే నా చేతికి ముందు కాగితం వచ్చింది, మంచినీళ్లు ఆ తర్వాత వచ్చాయి. ఎర్ర సముద్రంలో వారం రోజుల డైవ్ ట్రిప్పు. నాలుగో రాత్రి ఇంజిన్ గదిలోంచి పొగ వచ్చింది. చీకట్లో రబ్బరు పడవలోకి దిగి, గంటన్నర అలల మీద ఊగి, చివరికి దగ్గర్లో లంగరేసి ఉన్న ఇంకో డైవ్ బోటు ఎక్కాం. అదృష్టం బాగుండి అందరం బతికాం. ఒంటి మీద తడి టీషర్టు, కాళ్లకు చెప్పుల్లేవు, పాస్‌పోర్టు, ఫోను, కెమెరా అన్నీ బోటుతోనే పోయాయి. ఆ స్థితిలో కంపెనీ మనిషి ఒకతను ఫైలు పట్టుకొచ్చాడు. పేజీ నిండా అరబ్బీ, కింద పేరు, సంతకం, 300 డాలర్లు అనే మూడు ముక్కలు మాత్రం ఇంగ్లీషులో. "చేతిఖర్చులకు ఇస్తున్నాం, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. మాలో ముగ్గురు పెట్టేశారు. ఇంకే క్లెయిమూ లేదని ఒప్పుకుంటున్నట్టు అందులో ఉందని మర్నాడు అరబ్బీ వచ్చిన ఒక డైవర్ చదివి చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు మనవాళ్లు దుబాయ్ నుంచి, లండన్ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా ఈజిప్టు, థాయ్‌లాండ్, మాల్దీవులు, అండమాన్ డైవింగ్‌కి బాగా వెళ్తున్నారు. ఎలా డైవ్ చేయాలో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, బోటు పోయాక ఒడ్డున ఎవరు ఎవరికి ఏం చేయాలి, గొడవ వస్తే ఎలా నిలబడాలి అన్నది చెప్పేవాళ్లు నాకు కనిపించలేదు.

ముందు ఒంటి సంగతి చూసుకోండి, కాగితాల గొడవ దాని తర్వాతే. పొగ పీల్చినా, ఉప్పునీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆ క్షణంలో బాగానే ఉన్నట్టు ఉంటుంది, కొన్ని గంటలకు దగ్గు, ఆయాసం మొదలవుతాయి. డైవ్ చేసిన రోజే ప్రమాదం జరిగినా, నీళ్లలోంచి కంగారుగా పైకి రావాల్సి వచ్చినా డికంప్రెషన్ జబ్బు భయం ఉంటుంది, అంటే లోతు నుంచి వేగంగా పైకి వచ్చినప్పుడు ఒంట్లో గ్యాస్ బుడగలు ఏర్పడే జబ్బు. కీళ్ల నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం, తల తిరగడం, చర్మం మీద మచ్చలు లాంటివి కనిపిస్తాయి, చాలామంది అలసట అనుకుని ఊరుకుంటారు. డాక్టరుకి మీ ఆఖరి డైవ్ ఎన్ని గంటలకు, ఎంత లోతు, ఎలా పైకి వచ్చారు అన్నది మీరే చెప్పాలి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. డైవ్ కంప్యూటర్, అంటే లోతు, సమయం నమోదు చేసే గడియారం లాంటి పరికరం, చేతికి ఉంటే ఎవరికీ ఇవ్వకండి, అందులో ఆ లెక్కంతా ఉంటుంది, వైద్యానికీ పనికొస్తుంది, రేపు సాక్ష్యానికీ పనికొస్తుంది.

ఇక్కడే మొదటి తగాదా వస్తుంది. కంపెనీకి మిమ్మల్ని ఆ సాయంత్రమే విమానం ఎక్కించి పంపేస్తే పీడా పోతుంది. కానీ డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సలహా ప్రకారం రోజుల తరబడి డైవ్ చేసినవాళ్లు ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, పైకి వస్తూ మధ్యలో ఆగాల్సిన (డికంప్రెషన్ స్టాపులు అవసరమైన) డైవులు చేసి ఉంటే అంతకన్నా ఎక్కువే ఆగాలి. ఒంట్లో ఏదైనా తేడాగా ఉంటే డాక్టరు సరేననేదాకా అసలు కదలొద్దు. "డాక్టరు చూడకుండా నేను ఫ్లైట్ ఎక్కను, అంతవరకు గది, తిండి మీరే చూడాలి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. గట్టిగా అరిస్తే ఆ అరుపు అక్కడే గాల్లో కలిసిపోతుంది, మెసేజ్‌కి తేదీ, టైము ఉంటాయి.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తేల్చుకోవాలి. మిమ్మల్ని ఎక్కించుకున్న బోటు వేరు, మీ దగ్గర డబ్బు తీసుకున్న కంపెనీ వేరు. ఇరవై మందికి కట్టిన బోటులో ఇంకో ఇరవై మంది ఎక్కితే కేబిన్లు దొరకవు, డెక్ మీద తువ్వాళ్లు పరుచుకుని పడుకోవాల్సిందే. మా బ్యాచ్‌లో ఒకరు ఆ బోటు సరంగు మీద కేబిన్ కోసం విరుచుకుపడ్డారు, నాకు ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఆ మనిషి తన టూరిస్టుల ట్రిప్పు పాడుచేసుకుని మరీ మా కోసం వచ్చాడు. సముద్రంలో ప్రాణ భద్రత గురించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ 5వ అధ్యాయం 33వ నియమం చెప్పేది ఇదే: ఆపదలో ఉన్నవాళ్లను కాపాడడం సరంగు బాధ్యత, ఎక్కించుకున్నాక తన ఓడ శక్తి మేరకు వాళ్లను మానవత్వంతో చూడాలి. శక్తి మేరకు అన్న మాట గుర్తుంచుకోండి. అక్కడ మీరు గట్టిగా అడగాల్సినవి మంచినీళ్లు, ఒంటి మీద కప్పుకోవడానికి ఏదైనా, దెబ్బలకు ప్రథమ చికిత్స, రేడియోలో ఒడ్డుకి మీ అందరి పేర్లు చేరడం.

పేర్ల లెక్క చిన్న విషయం కాదు. మన కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న గోదావరిలో బోటు మునిగినప్పుడు అసలు ఎంతమంది ఎక్కారన్న లెక్కే మొదట్లో తేలలేదు, ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఆ నరకం గుర్తుండే ఉంటుంది. రెస్క్యూ బోటులోనే ఒక కాగితం తీసుకుని, ఎక్కినవాళ్లందరి పేర్లు, దేశం, ఇంటి ఫోన్ నంబరు మీరే రాయించండి.

రెస్క్యూ అంటే నీళ్లలోంచి బయటికి లాగడంతో అయిపోదు. 1979 నాటి అంతర్జాతీయ సెర్చ్ అండ్ రెస్క్యూ ఒప్పందంలో ఆ మాటకి అర్థం మనిషిని బయటికి తీయడం, తక్షణ వైద్యం, ఇతర అవసరాలు చూడడం, సురక్షితమైన చోటికి చేర్చడం, ఈ మూడూ కలిపి. ప్రాణానికి ముప్పు తొలగి, తిండి, నీడ, వైద్యం దొరికి, అక్కడి నుంచి ముందుకు ప్రయాణం ఏర్పాటు కాగల చోటే సురక్షితమైన చోటు. ప్రాణం కాపాడినందుకు మీ దగ్గర ఎవరైనా డబ్బు అడిగితే, సముద్రంలో ఆపదలో ఉన్న ఓడలను, సరుకును కాపాడినందుకు ఇచ్చే ప్రతిఫలం గురించిన 1989 సాల్వేజ్ ఒప్పందం 16వ అధికరణం ప్రకారం బతికి బయటపడ్డ మనిషి దానికి ఏమీ చెల్లించనక్కర్లేదు. దేశాల సొంత చట్టాల్లో తేడాలుంటే దాన్ని ఆ ఒప్పందం ఆపదు, అందుకే అడిగినవాళ్లని రసీదు, చట్టం పేరు రాసిమ్మనండి. ఆసుపత్రి, అంబులెన్సు ఖర్చులు మాత్రం వేరే సంగతి, అవి మీ ఇన్సూరెన్సు చూసుకోవాలి.

ఇక కాగితాలు. 2024 నవంబరు 25 తెల్లవారుజామున ఈజిప్టులో మార్సా ఆలం దగ్గర సీ స్టోరీ అనే డైవ్ బోటు తిరగబడింది. అయిదుగురు తిరగబడ్డ బోటు లోపల దాదాపు 35 గంటలు చిక్కుకుపోయి ప్రాణాలతో బయటపడ్డారు. పెద్ద అల కొట్టిందని అధికారులు అన్నారు, ఆ రాత్రి సముద్రం అంత రేగలేదని బతికినవాళ్లలో కొందరు అన్నారు. ఇంకా కోలుకోకుండానే తమ వాంగ్మూలాలు తీసుకున్నారని, వాటిని అరబ్బీలోకి మార్చింది బోటు కంపెనీకి చెందిన మనిషేనని వాళ్లు బీబీసీకి చెప్పారు. ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాళ్ల మనిషే మీ మాటని వేరే భాషలో రాస్తే అందులో ఏముంటుందో మీకెలా తెలుస్తుంది?

కాబట్టి పోలీసు వాంగ్మూలం ఇవ్వడానికి నిరాకరించకండి, అది మీకే అవసరం, కానీ కంపెనీతో సంబంధం లేని దుబాసీ కావాలని అడగండి. ఎంబసీకి ఫోన్ చేస్తే దుబాసీల, లాయర్ల పేర్లు దొరికే అవకాశం ఉంటుంది. ఎవరూ దొరక్కపోతే, సంతకం చేయక తప్పకపోతే, సంతకం పక్కన మీ చేత్తో ఇంగ్లీషులో రాయండి: "ఈ భాష నాకు రాదు, ఇందులో ఏముందో స్వతంత్రంగా ఎవరూ నాకు చదివి చెప్పలేదు, నా హక్కులు వేటినీ వదులుకోవడం లేదు." ఆ పేజీ ఫొటో తీసుకోండి, మీ ఫోన్ పోతే పక్కవాళ్ల ఫోన్‌లో తీసి మీ మెయిల్‌కి పంపించుకోండి. మిమ్మల్ని నిర్బంధంలోకి తీసుకుంటే మాత్రం మీ దేశపు కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు మీకుంది, 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం అదే.

కంపెనీ ఇచ్చే డబ్బు తీసుకోకూడదని నేను అనడం లేదు. బట్టలకు, తిండికి డబ్బు కావాలి కదా. తీసుకోండి, కానీ విడిగా ఒక చీటీ మీద "తక్షణ ఖర్చుల కోసం 300 డాలర్లు అందాయి, ఇది నష్టపరిహారం కాదు" అని రాసి దాని మీదే సంతకం పెట్టండి. ఫుల్ అండ్ ఫైనల్, రిలీజ్, వేవర్, నో క్లెయిమ్, ఈ మాటల్లో ఏది కనిపించినా పెన్ను కింద పెట్టేయండి. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మీకు డబ్బు చెల్లించాక మీ ఇన్సూరెన్సు కంపెనీ ఆ మొత్తాన్ని బోటు కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు. మీరు ముందే క్లెయిమ్ లేదని రాసిచ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు వాళ్లు మీ క్లెయిమ్‌కే కొర్రీ వేయొచ్చు.

ఆ రాత్రే, నిద్రపోయే ముందే, జరిగింది సొంతంగా రాసుకోండి, తెలుగులో రాసినా పర్వాలేదు. మెలకువ ఎన్నింటికి వచ్చింది, అలారం మోగిందా లేక ఎవరైనా తట్టి లేపారా, లైఫ్ జాకెట్లు ఎక్కడ ఉన్నాయి, ఎమర్జెన్సీ దారి మొదటి రోజు చూపించారా, అది తెరుచుకుందా, రాత్రి ఎవరైనా మెలకువగా కాపలా తిరుగుతున్నారా. చివరి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియాలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు కాలిపోయి 34 మంది చనిపోయారు. రాత్రి గస్తీ లేకపోవడం ఆ కేసులో కీలకమైంది, సరంగుకి 2024లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. అదే కేసులో యజమానులు మూడు రోజులకే కోర్టుకి వెళ్లి, 1851 నాటి పాత చట్టం కింద తమ బాధ్యతని బోటు మిగిలిన విలువకి, అంటే దాదాపు సున్నాకి, పరిమితం చేయమని అడిగారు. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఏడుపులు ఆగకముందే! చిన్న ప్రయాణికుల బోట్లకు ఆ చట్టం వర్తించకుండా 2022 డిసెంబరులో మార్చారు. అవతలివాళ్ల లాయర్ మొదటి వారంలోనే పని మొదలుపెడతాడని మాత్రం గుర్తుపెట్టుకోండి.

విడిపోయే ముందు తోటి ప్రయాణికులతో ఒక గ్రూప్ పెట్టుకోండి, ఇమెయిళ్లు కూడా తీసుకోండి. కళాసీలతో మర్యాదగా ఉండండి. చీకట్లో నా లైఫ్ జాకెట్ తాడు బిగించి కట్టిన కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, వాడి జీతం, వాడి ఉద్యోగం కూడా ఆ బోటుతోనే పోయాయి. వాడు చేసిన మంచి కూడా మీ వాంగ్మూలంలో రాయండి.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత ఎంబసీ. భారతీయులకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తొందరగా దొరుకుతుంది గానీ అది ఇండియాకి ఒక్కసారి వెళ్లడానికే. ఉద్యోగం దుబాయ్‌లోనో, లండన్‌లోనో ఉంటే అది తీసుకునే ముందు ఆలోచించండి, కొత్త పాస్‌పోర్టుకే దరఖాస్తు చేయడం మేలు కావచ్చు. కంపెనీ ఇండియాకి టికెట్ కొనేసి చేతులు దులుపుకుంటానంటే, మీరు నివాసం ఉండే ఊరికే టికెట్ కావాలని రాతపూర్వకంగా అడగండి.

ఇంటికి చేరాక మీరు డబ్బు ఎవరికి కట్టారన్నదాన్ని బట్టి దారి మారుతుంది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఏజెంటుకి కట్టి ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, గడువు రెండేళ్లు, మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే వింటుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. బ్రిటన్‌లోనో, యూరప్‌లోనో ప్యాకేజీగా కొని ఉంటే ఇంకా నయం, బోటు వేరేవాళ్లదైనా సరే, కష్టంలో పడ్డ ప్రయాణికుడికి ప్యాకేజీ అమ్మినవాళ్లే సాయం చేయాలని అక్కడి చట్టం. కార్డుతో కట్టి ఉంటే మొదటి వారంలోనే బ్యాంకుకి చెప్పండి.

సామాను సంగతి కూడా ఆలస్యం చేయకండి. సముద్ర ప్రయాణికుల ఏథెన్స్ ఒప్పందం ప్రకారం పోయిన సామాను గురించి దిగిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా తెలియజేయాలి, దావాకి గడువు రెండేళ్లు. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే డైవ్ ట్రిప్పులకు ఆ ఒప్పందం చాలాసార్లు వర్తించదు, అయినా 15 రోజుల్లోపు మెయిల్ పెట్టేస్తే మీకు పోయేదేమీ లేదు. కెమెరా, రెగ్యులేటర్, లెన్సులు, బిల్లులు లేకపోతే అవి మీ దగ్గర ఉన్నాయని చూపించే పాత ఫొటోలు, అన్నీ జత చేయండి.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే? అంతా అయిపోయిందనుకోకండి. మాతో ఉన్న రాజమండ్రి అన్న ఆ ముగ్గురిలో ఒకరు. కాగితంలో ఏముందో తెలిసిన గంటలోపే హోటల్ రిసెప్షన్ కంప్యూటర్ దగ్గర కూర్చుని కంపెనీకి మెయిల్ రాశారు: ఏ స్థితిలో పెట్టించారు, ఏ భాషలో ఉంది, ఏమని చెప్పి పెట్టించారు, ఎవరు పక్కన ఉన్నారు, దాన్ని ఒప్పుకోవడం లేదు, కాపీ పంపండి. సాక్షులుగా మా ఇద్దరి పేర్లు పెట్టి, మాకూ కాపీ కొట్టారు. పది లైన్లు కూడా లేవు. నెల తర్వాత ఇన్సూరెన్సు వాళ్లు ఆ సెటిల్మెంట్ కాగితం సంగతి తీసినప్పుడు ఆయన చూపించింది ఆ మెయిలే.