బాల్కనీ కుండీల్లో కొత్తిమీర, పుదీనా, మిరప

కుండీలు, విత్తనాలు కొనేముందు బాల్కనీలో ఎండ ఎంతసేపు పడుతుందో చూసుకోండి. తూర్పు వైపైతే పొద్దున మూడు నాలుగు గంటల ఎండ వస్తుంది, ఆకుకూరలకు అది చాలు. మిరప, టమాటా, వంగ కాయాలంటే ఆరు గంటలు కావాలి. పడమటి బాల్కనీలో మధ్యాహ్నపు ఎండ మార్చి నుంచే మాడ్చేస్తుంది కాబట్టి ఎండలో సగం ఆపే వల (50 శాతం షేడ్ నెట్) కట్టక తప్పదు. ఎండ సరిగా పడని కిటికీలో మిరప పెడితే సన్నగా సాగి వాలిపోతుంది తప్ప కాయదు.

ఉత్త ఎర్రమట్టి నింపితే నాలుగు తడుపులకే గట్టిపడుతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి (నూనె తీసిన వేపగింజల పిండి) వేయండి. కోకోపీట్‌ను నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ రెండుసార్లు కడగాలి. లేదంటే అందులోని ఉప్పుకి లేత మొలకల ఆకుల అంచులు మాడతాయి. పచ్చి పేడ అసలు వద్దు, అది మాగేటప్పుడు పుట్టే వేడికి వేళ్లు చస్తాయి. ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతున్న టబ్బు, మిరపకు పన్నెండు అంగుళాల కుండీ సరిపోతాయి.

ఎక్కువమంది ఓడిపోయేది కొత్తిమీర దగ్గరే. వంటింట్లో ధనియాలు కూడా మొలుస్తాయి, పాతవి కాకపోతే చాలు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి బద్దలుగా విడదీయండి, నలిగి పొడైతే పనికిరావు. రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డమీద ఆరబోసి, నాలుగంగుళాల ఎడంతో అరంగుళం లోతు గీతల్లో చల్లి మట్టి కప్పండి. మగ్గుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించండి. మొలక రావడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఐదో రోజున మట్టి తవ్వి చూడకండి! మొదట వచ్చే రెండాకులు పొడుగ్గా, నున్నగా ఉంటాయి, చూసి కలుపనుకుని పీకేస్తుంటారు. కొత్తిమీరలా కనిపించే కత్తిరింపుల ఆకులు ఆ తర్వాత వస్తాయి. నారు పీకి వేరే కుండీలో నాటితే తల్లివేరు తెగి కోలుకోదు, కాబట్టి పెంచే చోటే విత్తాలి. నలభై రోజులకు అంచు కాడల నుంచి కోసుకోవచ్చు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు దీని కాలం. ఎండలు ముదిరితే ఆకు వేయకుండా పూతకొస్తుంది, ఆ రోజుల్లో తోటకూరో గోంగూరో వేసుకోవడం నయం.

పుదీనాకి ఇంత తతంగం లేదు. కట్టలోంచి ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో ఉంచితే పది రోజుల్లోపు వేళ్లొస్తాయి. దానికి వెడల్పాటి టబ్బు విడిగా ఇవ్వండి, పక్కన ఇంకే మొక్క ఉన్నా కమ్మేస్తుంది.

కుండీలో మొక్కలు ఎండిపోవడం కంటే కుళ్లి చావడమే ఎక్కువ. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. పోసినప్పుడు అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి. కింది ఫ్లాటువాళ్లు ఆరేసిన బట్టలమీద ఎర్రనీళ్లు పడకుండా పళ్లెం పెట్టండి, అందులో నిలిచిన నీళ్లను వెంటనే పారబోయండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్లలోనే.

మిరప నారు ఐదారు వారాల వయసులో కుండీకొకటి నాటండి. దీనికి పెద్ద బెడద ముడత. ఆకు అంచులు పైకి ముడిస్తే రసం పీల్చే సన్నటి తామర పురుగులు (త్రిప్స్), కిందికి ముడిస్తే కంటికి ఆనని మొక్కల నల్లి (మైట్స్). రెండింటికీ మందు ఒకటి కాదు. పైముడతకు లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, నూనె కలిసేందుకు కాస్త కుంకుడు రసం వేసి, సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా వారానికోసారి కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడాలి. వేపనూనె కొట్టాక రెండు వారాలదాకా గంధకం జోలికి పోవద్దు, మండే ఎండల్లోనూ కొట్టొద్దు. మేలో పూత రాలిపోతే మొక్క పీకేయకండి. ఆ వేడికి పిందె పట్టదంతే. కొమ్మల చివర్లు కత్తిరించి నీడకు జరిపితే వానలు పడ్డాక మళ్లీ కాస్తుంది.