రిటైరయ్యాక ఏం చేయాలో ఎలా తేల్చుకోవాలి?

పదవీ విరమణ సభలో శాలువా కప్పే ప్రతివాళ్లూ ఒకే మాట అంటారు: "శేష జీవితం ఆయురారోగ్యాలతో సుఖంగా గడపాలి." నాకు ఆ 'శేషం' దగ్గరే పేచీ. భాగహారం అయిపోయాక అడుగున మిగిలేది శేషం. దాన్నెవరూ పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి, కేంద్ర ఉద్యోగి 60కి ఇంటికొస్తారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికితే అది సగం సర్వీసుతో సమానం. దానికీ ఒక డ్యూటీ చార్టు ఉండాలి.

అలాగని మర్నాడే మొదలుపెట్టేయకండి. మొదటి మూడు నెలలు పెద్ద నిర్ణయాలేవీ వద్దు. పైన ఇంకో అంతస్తు, ఊళ్లో ఎకరం పొలం, అల్లుడి వ్యాపారంలో వాటా... ఈ ఆలోచనలన్నీ గ్రాట్యుటీ డబ్బు ఖాతాలో పడిన సంగతి చుట్టాలకు తెలిసిన వారంలోనే వస్తాయి. ఈ మూడు నెలలూ ఒక నోటుబుక్కు పెట్టుకుని రాత్రిపూట రెండు ముక్కలు రాయండి: ఇవాళ ఏ గంట హాయిగా గడిచింది, ఏ గంట గడవలేదు. పేపరు, స్నానం, పూజ, టిఫినుతో పొద్దున ఎలాగో వెళ్లిపోతుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక మూడింటి నుంచి ఐదింటి దాకా గడియారం కదలదు. మీ లక్ష్యాలు పుట్టాల్సింది ఆ గంటల్లోంచే.

అదే పుస్తకంలో ఇంకో పేజీ తీసి, ఉద్యోగం మీకు జీతం కాక ఏమేం ఇచ్చిందో రాయండి. పొద్దున్నే లేవడానికి ఒక కారణం. టీ తాగే నలుగురు. "సార్, ఇదెలా చేయాలి?" అని అడిగే మనిషి. చాలామందికి లోటు తెలిసేది ఈ మూడోదే. అది లేకపోవడం వల్లే కొందరు ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర్నుంచి అన్నిటికీ రిమార్కులు రాయడం మొదలుపెడతారు. వంటింటికి కొత్త సూపరింటెండెంటు అవసరం లేదు. మీ ఆవిడకు రిటైర్మెంటు ఆర్డరు ఇంకా రాలేదన్నది గుర్తుంచుకుని, ఇంటి పనుల్లో ఒకటి పూర్తిగా మీరు తీసుకోండి. రైతుబజారు నుంచి వారానికి సరిపడా కూరగాయలు తేవడమైనా సరే. రిటైరైన ఆడవాళ్ల సంగతి దీనికి తలకిందులు. "ఇంట్లోనే ఉంటున్నావుగా" అంటూ అందరి పనులూ వాళ్ల మీదే పడతాయి. వాళ్లు రాసుకోవాల్సిన మొదటి లక్ష్యం, రోజులో ఏ రెండు గంటలు తాను ఎవరికీ దొరకదో.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. నెలకు ఎంత ఖచ్చితంగా వస్తుందో తేలాకే కోరికల జాబితా రాయాలి. పోస్టాఫీసు, బ్యాంకుల్లో ఉండే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా ఐదేళ్లకు వేసుకోవచ్చు. వడ్డీ మూడు నెలలకోసారి ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి మొదట్లో వస్తుంది. ప్రభుత్వం రేటు మార్చినా మీరు వేసిన నాటి రేటే ఆ ఐదేళ్లూ ఉంటుంది. ఆ వడ్డీలో కొంత మీ లక్ష్యాలకని ముందే విడిగా పెట్టండి, లేకపోతే అది కిరాణా కొట్టుకు పోతుంది.

ఇప్పుడు లక్ష్యం రాయడం. మూడు చాలు: ఒంటికి ఒకటి, బుర్రకో చేతులకో ఒకటి, మనుషులతో కలిసేది ఒకటి. "ఆరోగ్యంగా ఉండాలి" అని రాస్తే అది శాలువా సభలో మాటే అవుతుంది. "వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున చురుగ్గా నడక" అని రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం 150 నిమిషాలు దాంతో సరిపోతాయి. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడటం లాంటి, తూలి పడకుండా కాపాడే కసరత్తులు కూడా చేయాలని ఆ సంస్థ చెబుతోంది. మొదట్లో గోడ పట్టుకునే చేయండి. "పిల్లలకు చదువు చెప్పాలి" బదులు "శని, మంగళవారాల్లో నాలుగింటికి మా వీధి ఏడో తరగతి పిల్లలకు లెక్కలు" అనండి. ఆ మూడు నుంచి ఐదు కూడా దాంతోనే నిండుతుంది. ఏ వారమో, ఎన్నింటికో రాయలేకపోతున్నారంటే, అది ఇంకా సరదాయే, లక్ష్యం కాలేదు.

పెద్ద కోరికను ముందు చిన్నగా పరీక్షించండి. "రిటైరయ్యాక వ్యవసాయం చేస్తా" అననివాళ్లు అరుదు. ఎకరం కొనేముందు మిద్దె మీద పది కుండీలు పెట్టండి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది. వంకాయ చేతికి రావడానికి రెండు నెలలకు పైనే పడుతుంది, ఈలోపు పేనుబంకా వస్తుంది, మే నెల ఎండా వస్తుంది. అప్పటికీ ఆ పది కుండీలూ పచ్చగా ఉంటే పొలం మాట మాట్లాడుకుందాం. ఎండిపోతే పోయింది మట్టి ఖర్చే.

చేసిన రోజున గోడ మీది క్యాలెండరులో సున్నా చుట్టండి, పాలవాడి లెక్క పక్కనే. ఉగాదికోసారి, దసరాకోసారి లెక్కపెట్టండి. రెండుసార్లు చూసినా సున్నాలు పడని లక్ష్యాన్ని మొహమాటం లేకుండా కొట్టేసి, ఆ చోట ఇంకోటి రాయండి. ఇక్కడ చార్జిమెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు.

మన ఇళ్లలో వచ్చే చిక్కు ఒకటుంది. అమ్మాయి పురుడుకో, మనవడిని చూసుకోవడానికో అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండాల్సి రావచ్చు. అక్కడ మిద్దె తోట ఉండదు, ఏడో తరగతి పిల్లలూ ఉండరు. అందుకే మూడింటిలో ఒకటైనా సూట్‌కేసులో పట్టేది పెట్టుకోండి. మా ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చింది, ముత్తాత ఏం పండించేవాడు, ఇంట్లో ఎవరెవరికి ఎక్కడ పెళ్లిళ్లయ్యాయి అని కుటుంబ కథ రాయడం అలాంటిదే. తెలిసిన పెద్దవాళ్లకు ఫోను చేసి ముందు వాళ్ల దగ్గర్నుంచి రాబట్టండి, రాయడం నిదానంగా అక్కడ చేసుకోవచ్చు. బయల్దేరే రోజు ఆవకాయ చెకిన్ బ్యాగులో పెట్టి, నోటుబుక్కు మాత్రం చేతిసంచిలో ఉంచుకోండి.