ఉద్యోగం చేస్తూ ఆస్టియోపతి వైపు: వయోజనులకు ప్రవేశ మార్గాలు

ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఆస్టియోపతి (శరీరాన్ని చేతులతో సరిచేసే పద్ధతిగా మొదలైన చికిత్సా విధానం) నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా కోర్సుల జాబితాతో మొదలుపెడతారు. నిజానికి ముందుగా తేల్చుకోవలసింది, చదువు ముగిశాక ఏ దేశంలో, ఏ రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని పని చేయాలన్న విషయం. ఈ విధానానికి ఆద్యుడైన ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో తొలి ఆస్టియోపతి కళాశాలను నెలకొల్పిన అమెరికాలో డీఓ (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) పట్టా పొందినవారు మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే పూర్తిస్థాయి వైద్యులు. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో మాత్రం ఆస్టియోపాత్ ప్రధానంగా కండరాల, కీళ్ల ఇబ్బందులకు చేతులతో చికిత్స చేస్తారు. బ్రిటన్ పట్టాతో అమెరికాలో డీఓగా పనిచేయడం కుదరదు.

అమెరికా దారి పొడవైనది. సైన్సు సబ్జెక్టులు ఉన్న డిగ్రీ, ఎంక్యాట్ అనే వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష, నాలుగేళ్ల చదువు, ఆపైన రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ) తప్పవు.

బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం ఈ వృత్తిని నియంత్రించే జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టరులో ఉన్నవారే తమను ఆస్టియోపాత్‌గా చెప్పుకోగలరు కాబట్టి, ఆ కౌన్సిల్ గుర్తింపు లేని కోర్సు ఎంత చౌకగా, ఎంత సులువుగా కనిపించినా దానిని పక్కన పెట్టడమే మంచిది. బడి వదిలి చాలా ఏళ్లయినవారికి అక్కడ బాగా పనికొచ్చే మెట్టు ‘యాక్సెస్ టు హయ్యర్ ఎడ్యుకేషన్’ డిప్లొమా. ఇందులో మొత్తం 60 క్రెడిట్లు ఉంటాయి. వాటిలో లెవెల్ 3లో (మన ఇంటర్‌ లాంటి స్థాయి) గ్రేడు లభించే 45 క్రెడిట్లనే కళాశాలలు ప్రధానంగా చూస్తాయి. పేరు ఒకటే అయినా ఈ డిప్లొమా అనేక విభాగాల్లో ఉంటుంది కనుక, జీవశాస్త్రం తగినంత ఉన్నదాన్నే ఎంచుకోవాలి. డబ్బు కట్టకముందే, చేరదలచిన కళాశాలకు ఆ పాఠ్యాంశాల పట్టిక పంపి, సరిపోతుందన్న జవాబును రాతపూర్వకంగా తీసుకోవాలి. పాఠశాల స్థాయి ఇంగ్లిష్, గణితం ఉత్తీర్ణత కూడా అడగవచ్చు.

ఇప్పటికే నర్సుగానో, ఫిజియోథెరపిస్టుగానో, వైద్యులుగానో ఉన్నవారి లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ప్రచురించిన శిక్షణ ప్రమాణాలు, ఆరోగ్య రంగంలో పూర్వ శిక్షణ లేనివారికి 4,200 గంటల కోర్సును సూచించి, ఆ శిక్షణ ఉన్నవారికి దానిని తగ్గించే వీలు కల్పించాయి. అయితే ఎంత తగ్గించాలన్నది కళాశాలే నిర్ణయిస్తుంది. అందుకే పాత మార్కుల పత్రాలతో పాటు అప్పటి సిలబస్‌ను కూడా వెతికి పెట్టుకోవాలి.

కొత్తగా చేరేవారికి ఆ 4,200 గంటల్లో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడడానికే పోతాయి. ఉద్యోగస్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాఠాలు వారాంతాల్లో పెట్టే పార్ట్‌టైమ్ కోర్సుల్లో కూడా క్లినిక్ పని సోమవారం నుంచి శుక్రవారం లోపు పడవచ్చు. కాబట్టి ఫీజు కంటే ముందు, ఏ సంవత్సరంలో వారానికి ఎన్ని రోజులు క్లినిక్‌లో ఉండాలో అడిగి, ఆ కాలానికి ఆదాయం ఎలా అన్నది చూసుకోవాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు పనిచేస్తున్న ఆస్టియోపాత్ దగ్గర కొన్ని గంటలైనా కూర్చుని చూడడం మేలు. ఈ చికిత్స అన్ని జబ్బులకూ పనిచేస్తుందని చెప్పే అభ్యర్థి కన్నా, నడుము నొప్పి విషయంలో ఆధారాలు ఎంతవరకు ఉన్నాయో చెప్పగలిగినవారే నమ్మకం కలిగిస్తారు. విద్యార్థులు ఒకరిపై ఒకరు అభ్యాసం చేస్తారని, అందుకు కొంత దుస్తులు తీయవలసి వస్తుందని కూడా తెలిసి ఉండాలి. మత విశ్వాసం వల్లనో ఆరోగ్య కారణాల వల్లనో దానికి సర్దుబాట్లు కావాలంటే, దరఖాస్తు దశలోనే అడగవచ్చు.